పినో న్వార్ పలచగా, పుల్లగా ఎందుకుంటుంది? దీన్ని ఎలా రుచి చూడాలి?

కూకట్‌పల్లి_క్యాబ్:

అందరికీ నమస్కారం. నాసిక్ షిరాజ్, చిలీ కాబెర్నే లాంటి చిక్కటి రెడ్ వైన్లు అలవాటైన నోరు నాది. ఈమధ్య పినో న్వార్ ద్రాక్షతో చేసే రెడ్ వైను మీద మనసు పడి మూడు సీసాలు తెరిచాం. ఒకటి ఫ్రాన్స్‌లోని బర్గండీది, 2021ది, లేబుల్ మీద ఉత్త ‘బుర్గోన్’ అని ఉంది. రెండోది కాలిఫోర్నియా. మూడోది న్యూజిలాండ్‌లోని సెంట్రల్ ఒటాగోది, తిప్పే మూత.

బర్గండీ పలచగా ఉంది, గ్లాసు అవతల పేపరు చదువుకోవచ్చు, పైగా పులుపు. కాలిఫోర్నియాది నల్లగా, జామ్‌లా తియ్యగా ఉంది. ఒటాగోది మూత తిప్పగానే గీసిన అగ్గిపుల్ల వాసన కొట్టింది. మూడింటిలోనూ ఉన్నది ఒకే ద్రాక్షంటే నమ్మబుద్ధి కావడం లేదు. హాల్లో 31 డిగ్రీలు ఉన్నాయి. రెడ్ కదా అని ఫ్రిజ్‌లో పెట్టలేదు. మామూలు చిన్న గ్లాసుల్లో ముప్పావు వంతు పోసుకున్నాం.

అడగాలనుకున్నవి ఇవి. పలచగా ఉండటం లోపమా, తీరే అంతా? వాసనలు పట్టుకోవడం ఎలా నేర్చుకోవాలి? అగ్గిపుల్ల వాసన వస్తే సీసా పాడైనట్టా? అసలు దీనికి అంత ధర ఎందుకు?

ముక్కుసూటి:

క్యాబ్ గారూ, 31 డిగ్రీల దగ్గర ప్రపంచంలో ఏ పినో అయినా ఓడిపోతుంది. ముందు ఆ లెక్క సరిచేసి తర్వాత మిగతావి చూద్దాం.

రెడ్ వైన్ ‘గది ఉష్ణోగ్రత’లో తాగాలనే మాట చలిదేశాల పాత ఇళ్లలో పుట్టింది. అక్కడ గది అంటే 16–18 డిగ్రీలు. పినో అంతకంటే కాస్త చల్లగా, 13 నుంచి 16 మధ్య బాగుంటుంది. వేడెక్కితే ముందు ఆల్కహాల్ ఆవిరి లేచి ముక్కు మంట పుట్టిస్తుంది, దాని కింద సన్నటి వాసనలన్నీ అణిగిపోతాయి. పండు రుచి ఉడికినట్టు అవుతుంది. కాబెర్నేలో టానిన్ (వగరునిచ్చే పదార్థం), గాఢత ఎక్కువ కాబట్టి వేడిని కొంతవరకు మోస్తుంది. పినోకి ఆ కండ లేదు.

ఇంట్లో సులువైన పద్ధతి: బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాని మెడ దాకా ముంచండి. 30 డిగ్రీల సీసా పన్నెండు, పదిహేను నిమిషాల్లో 15 దగ్గరికి వస్తుంది. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే ఇంత త్వరగా చల్లబడదు, మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి నీళ్లు తప్పనిసరి. ఫ్రిజ్‌లో అయితే గంటన్నర, రెండు గంటలు. రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంటే, తాగే ముందు అరగంట బయట పెట్టి, గ్లాసులో పోశాక ఇంకో ఐదు, పది నిమిషాలు ఆగండి. కొంచెం ఎక్కువ చల్లగా ఉన్నా ఫర్వాలేదు, మన ఇళ్లలో అదే వేడెక్కుతుంది. ఎక్కువ వేడిగా ఉంటేనే కష్టం. అందుకే ఒకేసారి గ్లాసు నిండా పోయొద్దు. 60–75 మి.లీ. చాలు, సీసా మళ్లీ ఐసు నీళ్లలోకి వెళ్లాలి. గ్లాసులో మూడొంతులు ఖాళీ ఉంటేనే వాసన నిలవడానికి చోటు. కింద వెడల్పుగా, పైన మూతి బిగిసి ఉన్న గ్లాసు ఏదైనా పనికొస్తుంది. ఖరీదైన బర్గండీ గ్లాసు లేదని ఆగిపోనక్కర్లేదు. గిన్నెలు తోమే సబ్బు వాసన గ్లాసుకి పట్టి ఉందేమో మాత్రం చూసుకోండి. బీరువాలో బోర్లించి పెట్టిన గ్లాసుకి చెక్క వాసన కూడా పడుతుంది.

ఇక రంగు. పినో తొక్క పలచన. ఆ తొక్కలో రంగు పదార్థాలు తక్కువ, పైగా రంగును నిలబెట్టే ఒక రకం ఆంథోసయనిన్లు ఈ ద్రాక్షలో ఉండనే ఉండవు. కాబట్టి గ్లాసు అవతల పేపరు కనబడటమే దీని సహజ లక్షణం. తెల్ల కాగితం మీదకి గ్లాసు వంచి అంచు చూడండి. కెంపు రంగులో మెరుస్తుంటే లేతది. అంచున ఇటుక రంగు తిరిగితే వయసు మీద పడుతోంది. రెండేళ్ల సీసాలోనే గోధుమ ఛాయ కనిపిస్తే అనుమానించాలి.

వాసన దగ్గర చాలామంది గ్లాసు గిరగిరా తిప్పి మొదలెడతారు. ముందు తిప్పకుండా ఒకసారి చూడండి, పూల వాసన లాంటి తేలికైనవి అప్పుడే దొరుకుతాయి. తర్వాత తిప్పి, రెండు మూడు చిన్న ఎగపీల్పులు. పొడుగ్గా పీల్చి కూర్చుంటే ముక్కు అలిసిపోతుంది. మధ్యలో మీ మోచేతి మడత వాసన చూస్తే మళ్లీ తేరుకుంటుంది.

అందరూ చెప్పే ‘చెర్రీ’ దగ్గర మనవాళ్లకి ఒక చిక్కుంది. బేకరీ కేకుల మీద ఉండేది చాలాసార్లు చెర్రీ కాదు, పాకంలో ఊరబెట్టి రంగేసిన వాక్కాయ. ఆ వాసన పినోలో వెతికితే దొరకదు. దానిమ్మ గింజలు నమిలినప్పటి తీపి-పులుపు, స్ట్రాబెర్రీ, ఎండిన గులాబీ రేకులు, ఉడికించిన బీట్‌రూట్, పాలు కలపని టీ, లవంగం, వీటిని పట్టుకోండి. ఏడెనిమిదేళ్లు నిలవైన మంచి సీసాలో పుట్టగొడుగులు, తడి ఆకులు, తోలు వాసనలు వస్తాయి. లవంగం, వనిల్లా, మాడిన బ్రెడ్డు లాంటివి ఎక్కువగా ఓక్ పీపాల నుంచి వచ్చేవి. మొదటి గుక్కలోనే అవి పండును తొక్కేస్తుంటే అది తయారీదారు చెయ్యి ఎక్కువైన వైను, నా లెక్కలో మార్కులు తగ్గుతాయి.

నోట్లో మూడు విషయాలు విడివిడిగా చూడండి. మింగాక నాలుక పక్కల నుంచి లాలాజలం ఎంత ఊరుతోంది, అది పులుపు. చిగుళ్లు, బుగ్గల లోపల ఎంత ఎండిపోతోంది, అది టానిన్ వగరు. గొంతులో ఎంత వెచ్చగా ఉంది, అది ఆల్కహాల్. పినోలో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ నుంచి మధ్యస్థం. ఈ మూడూ కలగలిసి అయోమయంగా ఉంటే ఇంట్లోనే మూడు గ్లాసులు కలుపుకోండి:

పావు లీటరు నీళ్లలో పావు చెంచా నిమ్మ ఉప్పు, ఇది పులుపు.
రెండు టీ బ్యాగులు ఒక కప్పు వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి చల్లార్చిన డికాక్షన్, ఇది వగరు.
50 మి.లీ. వోడ్కాకి 100 మి.లీ. నీళ్లు, ఇది దాదాపు 13 శాతం ఆల్కహాల్.

ఒక్కోటి నోట్లో పుక్కిలించి ఉమ్మేసి, వెంటనే వైను గుక్క తీసుకోండి. ఏది ఎక్కడ తగులుతోందో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది.

చివరగా, మింగిన తర్వాత పండు రుచి (పులుపు కాదు, పండు) ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెట్టండి. నాలుగైదుకి మాయమైతే మామూలు సరుకు. పది దాటితే శ్రద్ధగా చేసింది. పలచగా కనిపించే వైను ఇరవై దాకా నిలబడటం పినోలో చూడాల్సిన తమాషా. ఈ ద్రాక్షని రంగుతో, బరువుతో కొలవకండి.

విల్లామెట్_వాసి:

ముక్కుసూటి గారు గ్లాసు సంగతి చెప్పేశారు, నేను లేబుల్ సంగతి చెప్తాను. మూడూ ఒకే ద్రాక్షేనా అన్న అనుమానం పూర్తిగా తప్పేం కాదు.

అమెరికా కేంద్ర నియమం ప్రకారం 75 శాతం పినో ఉంటే చాలు, లేబుల్ మీద పినో న్వార్ అని వేసుకోవచ్చు. మిగతా పాతిక శాతంలో షిరాజ్ లాంటి నల్ల ద్రాక్ష కలిపినా చట్టబద్ధమే. చవక రకాల్లో రంగు కోసం, ఒంటి నిండుదనం కోసం అలా కలపడం మామూలు. పైగా కొన్నింటిలో లీటరుకి కొన్ని గ్రాముల చక్కెర మిగిలేలా చేస్తారు. మీ కాలిఫోర్నియా సీసా ధర తక్కువై, లేబుల్ మీద ‘కాలిఫోర్నియా’ అని తప్ప ఊరూ పేరూ లేకపోతే, ఆ నలుపు, ఆ జామ్ తీపి ఎక్కడివో ఊహించుకోవచ్చు. రష్యన్ రివర్ వ్యాలీ, సోనోమా కోస్ట్, శాంటా రీటా హిల్స్ లాంటి చిన్న ప్రాంతం పేరు ఉంటే నమ్మకం పెరుగుతుంది. పసిఫిక్ మీది పొగమంచు లోపలికి వచ్చి తోటలను చల్లబరిచే చోట్లు అవి.

మా ఆరెగాన్ రాష్ట్రంలో నియమం గట్టిది, పినో అని రాయాలంటే 90 శాతం ఉండాలి. నన్నడిగితే కాబెర్నే నుంచి వచ్చేవాళ్లు బర్గండీ కంటే ముందు ఇక్కడి విల్లామెట్ వ్యాలీ పట్టాలి. పండు కాస్త ముందుకొస్తుంది, పులుపు పోదు. డేవిడ్ లెట్ ఇక్కడ పినో మొక్కలు నాటింది 1960ల మధ్యలో. ఆయన ఐరీ వైన్యార్డ్స్ 1975 వైను 1979లో పారిస్ పోటీలో బర్గండీల పక్కన నిలబడింది. మరుసటి ఏడాది బర్గండీ వైను వ్యాపారి రోబేర్ డ్రుయాన్ అక్కడి బోన్ పట్టణంలో మళ్లీ పోటీ పెడితే రెండో స్థానం తెచ్చుకుంది. ఆ తర్వాత డ్రుయాన్ కుటుంబమే వచ్చి డండీ హిల్స్‌లో భూమి కొనుక్కుంది! ఆ కొండల్లో జోరీ అనే ఎర్రటి అగ్నిశిలల మట్టి ఉంటుంది, అక్కడి వైన్లలో ఎర్రపండ్ల వాసన ముందుంటుంది. సముద్రపు అవక్షేపాల నేలల నుంచి వచ్చేవి కాస్త ముదురుగా, వగరుగా ఉంటాయి.

మీ బర్గండీ విషయానికొస్తే, 2021 ఏప్రిల్‌లో అక్కడ గట్టి మంచు పడి చిగుళ్లు మాడిపోయాయి, ఆ వేసవీ చల్లగానే గడిచింది. పినో తొందరగా చిగురిస్తుంది కాబట్టి ఇలాంటి మంచుకి తేలిగ్గా బలవుతుంది. ఆ ఏటి వైన్లు తేలిక, పులుపు పాలు ఎక్కువ. అదే తయారీదారుడి 2018, 2019, 2020 తీసుకుంటే నిండుగా ఉంటుంది. మీరు తాగింది చెడ్డ వైను అయ్యుండకపోవచ్చు, 31 డిగ్రీల్లో తాగిన 2021, అంతే.

బర్గండీ మెట్లు నాలుగు. అడుగున బుర్గోన్. ఆపైన జెవ్రీ-షంబెర్తాన్, వోల్నే, పొమ్మార్ లాంటి ఊరి పేర్లు. ఆపైన ప్రీమియే క్రూ, కొసన గ్రాన్ క్రూ. ఆ చివరి మెట్టు మొత్తం ఉత్పత్తిలో ఒకటి రెండు శాతమే. మెట్టు మాత్రమే చూసి డబ్బు పెట్టకండి. క్లో ద వూజో అనే గ్రాన్ క్రూ దాదాపు 50 హెక్టార్లు, దానికి 80 మంది దాకా యజమానులు. వారసులకి సమానంగా పంచే చట్టం వల్ల చెక్కలు చెక్కలయింది. ఒకరు అద్భుతంగా చేస్తారు, పక్కవాడు పేరు అమ్ముకుంటాడు. మంచి తయారీదారుడి బుర్గోన్, సోమరి తయారీదారుడి ఊరి వైను కంటే ఎప్పుడూ నయం. ధర తగ్గాలంటే దక్షిణాన కోట్ షలొనేజ్‌లోని మెర్క్యురే, జివ్రీ, ఉత్తరాన మార్సనే చూడండి.

‘కోతో బుర్గిన్యోన్’ అని కనిపిస్తే జాగ్రత్త. పేరులో బర్గండీ ఉన్నా అందులో మొత్తం గామే ద్రాక్షే ఉండొచ్చు. ‘పాస్-తూ-గ్రాన్’ అంటే పినో, గామే కలిపింది.

తడిఅట్ట:

అగ్గిపుల్ల సంగతి నాకు వదిలేయండి.

అది పాడవడం కాదు. గాలి అందక గంధకపు వాసనలు పోగైన స్థితి. తిప్పే మూతలు కార్కు కంటే గాలిని తక్కువ పోనిస్తాయి కాబట్టి వాటిలో కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. గ్లాసులో గట్టిగా తిప్పండి, లేదా ఓ జగ్గులోకి ఎత్తి పోసి పది, ఇరవై నిమిషాలు ఆగండి. చాలావరకు పోతుంది. కుళ్లిన గుడ్డు వాసన దాకా వెళ్లి, అలా చేసినా పోకపోతే, ఒక్క గ్లాసులో మాత్రం శుభ్రంగా తోమిన రాగి చెంచాతో పది సెకన్లు కలిపి వాసన చూడండి. వాసన తగ్గితే కారణం అదేనని తేలిపోతుంది. ఇది పరీక్ష వరకే, వైనుని రాగి చెంబులో పోసి ఉంచే పని పెట్టుకోవద్దు. రాగికి లొంగని గంధక సమ్మేళనాలు కూడా ఉన్నాయి, అవి ఉంటే ఆ సీసాకి మందు లేదు.

నిజంగా పాడైనవి వేరు. తడిసిన అట్టపెట్టె, మూసేసిన నేలమాళిగ వాసన వస్తే కార్కు దోషం. దానికి కారణమైన టీసీఏ అనే రసాయనం లీటరుకి నాలుగైదు నానోగ్రాములున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. మోతాదు తక్కువైతే అట్ట వాసన తెలియకపోవచ్చు, పండు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. పినోలో ఇది మోసం చేస్తుంది, ‘ఈ ద్రాక్షే ఇంతేమో’ అనుకుంటాం. గాలి తగిలే కొద్దీ గంధకపు వాసన తగ్గుతుంది, కార్కు దోషం తగ్గదు, చాలాసార్లు ఇంకా తేటపడుతుంది. తేడా పట్టడానికి ఇదొక్కటి చాలు. షాపువాడికి తిరిగి ఇవ్వాలంటే మూడొంతులు తాగేసి కాదు, మొదటి గ్లాసు దగ్గరే ఆపండి.

గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే ఇథైల్ ఎసిటేట్, వెనిగర్ దారి పట్టింది. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు ఉంటే గాలికి ఆక్సీకరణ అయింది. పశువుల కొట్టం, బ్యాండేజీ వాసనైతే బ్రెట్ అనే ఈస్టు. ఇది ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదన వద్దు.

మన దగ్గర అసలు శత్రువు ఎండ. మే నెలలో లారీలోనో గోదాములోనో ఉడికిపోయిన సీసా లోపల ద్రవం వ్యాకోచించి కార్కుని పైకి నెడుతుంది. కొనేటప్పుడే చూడండి: కార్కు మూతి అంచు కంటే పైకి ఉబ్బిందా, రేకు కింద జిగట మరక ఉందా, మెడలో వైను మట్టం పక్క సీసాల కంటే తక్కువుందా. షాపు అద్దాల్లో ఎండ తగిలేలా నిలబెట్టిన సీసా ఎంత తగ్గింపు ధరకిచ్చినా వద్దు. ఇంట్లో వైన్ క్యాబినెట్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టండి, కొన్ని నెలలు నిశ్చింత. వంటింటి అటక మీద మాత్రం వద్దే వద్దు.

కూకట్‌పల్లి_క్యాబ్:

చాలా థాంక్సండీ. ఐసు నీళ్ల పద్ధతి ఈ వారమే చూస్తాను. ఇంకోటి: మన తిండితో ఇది నడుస్తుందా? గోంగూర మటన్, గుత్తి వంకాయ, బిర్యానీ, ఇలాంటివాటితో. చీజ్, బాతు మాంసం అని చెప్పకండి దయచేసి.

గసగసాలు:

కారం, పులుపు, ఉప్పు, ఒక్కోటి వైనుని ఒక్కోలా తిప్పుతుంది. అది తెలిస్తే ఏ కూరకైనా మీరే తేల్చుకోవచ్చు.

కారం మీద ఆల్కహాల్ పడితే మంట రెట్టింపు. టానిన్ వగరు కూడా గరుగ్గా తోస్తుంది. అందుకే ఆంధ్రా కారానికి 14.5 శాతం కాబెర్నే కంటే 12.5–13 శాతం పినో, చల్లగా 13 డిగ్రీల దగ్గర, మెరుగు. ఉప్పు వైనుకి మేలే చేస్తుంది, వగరు, పులుపు మెత్తబడతాయి. తీపి చెడుపు చేస్తుంది: బెల్లం పడిన పులుసు తిని తాగితే వైను పులిసిపోయినట్టుంటుంది. కూరలోని పులుపు దీనికి తిరగబడి పనిచేస్తుంది. తిండి ఎంత పులుపైతే వైను పులుపు అంత తగ్గినట్టు తెలుస్తుంది. గోంగూర మటన్ ముందు మీ జామ్ లాంటి కాలిఫోర్నియా చప్పబడిపోతుంది. మీకు పుల్లగా అనిపించిన 2021 బర్గండీయే అక్కడ కాస్త తట్టుకుంటుంది, అయినా గోంగూరదే పైచేయి. దాని ముందు వైను పెట్టకపోవడమే మంచిది, ఆవకాయ దగ్గరా అంతే.

గుత్తి వంకాయలో వేరుశనగ, నువ్వులు వేగిన వాసన పినోకి బాగా కుదురుతుంది. కారం సగానికి తగ్గించి, చింతపండు గుజ్జు ఒక చెంచాతో ఆపండి. గసగసాలు, కొబ్బరి వేసిన మటన్ కూర, ఉల్లిపాయ బాగా వేగిన కీమా, మిరియాలతో వేపిన పుట్టగొడుగులు చక్కగా వెళ్తాయి. పచ్చిమిర్చి తక్కువ వేసిన పులావ్ సరే. హైదరాబాదీ దమ్ బిర్యానీలో మసాలా ఘాటు సన్నటి వాసనలను మింగేస్తుంది. దాంతో తాగాలంటే ఒటాగోది తీయండి, అక్కడి తీక్షణమైన ఎండ వల్ల రంగు, పండు ఎక్కువ. మిర్యాల చారు తాగి వెంటనే ఏ రెడ్డూ వద్దు, గొంతు మంట తప్ప ఏమీ తెలియదు.

రుచి నేర్చుకునే రోజు మాత్రం తిండి పక్కన పెట్టండి. ఉప్పు లేని బ్రెడ్డు, మంచినీళ్లు చాలు. గదిలో అగరుబత్తి, తాలింపు, మల్లెపూలు లేకుండా చూసుకోండి.

ముక్కుసూటి:

ధర గురించి అడిగారు, ఎవరూ గట్టిగా చెప్పలేదు. గుత్తి బిగువుగా ఉంటుంది, తొక్క పలచన, వాన పడితే మధ్యలో బూజు చేరుతుంది. తొందరగా చిగురించి మంచుకి దొరుకుతుంది. ఎకరానికి దిగుబడి పెంచితే రుచి ముందు పోతుంది. ఎండ ఎక్కువైతే ఉడికిపోతుంది, మన దేశంలో షిరాజ్, కాబెర్నేలే ఎక్కువ కనిపించడానికి అదో కారణం. వీటన్నిటి మీద బర్గండీలో భూమి తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అక్కడి పేరుమోసిన రొమానే-కోంటి తోట రెండు హెక్టార్లు కూడా లేదు.

విల్లామెట్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. నేర్చుకునేటప్పుడు మంచి ఆరెగాన్, మంచి బర్గండీ రెండూ మన ఊళ్లో జేబుకి బరువే. కాబెర్నే నుంచి నేరుగా పినోకి దూకే బదులు ఫ్రాన్స్‌లోనే ఉన్న బోజొలే ప్రాంతంలోని మోర్గాన్, ఫ్లూరీ లాంటి ఊళ్ల గామే ముందు తాగండి. తేలికైన ఒళ్లు, పులుపు, ఎర్రపండ్లు, అన్నీ దగ్గరి చుట్టాలే, ధర తక్కువ. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ గామేని ‘నమ్మకద్రోహి ద్రాక్ష’ అని తిట్టి పీకేయమన్నాడు. ఆయన మాట మనం పట్టించుకోనక్కర్లేదు.

విల్లామెట్_వాసి:

గామే మంచిదే, కాదనను. కానీ గామే తాగితే గామే తెలుస్తుంది. కొన్ని గామేల్లో మొత్తం గుత్తులను గాలి లేకుండా పులియబెట్టడం వల్ల అరటిపండు, బబుల్‌గమ్ వాసన వస్తుంది. అదే పినో అనుకుంటే మళ్లీ చిక్కు. క్యాబ్ గారూ, నలుగురు కలిసి డబ్బులు వేసుకుని రెండు సీసాలు తెప్పించండి, ఒకటి ఆరెగాన్, ఒకటి బర్గండీ, ఒకే ఏడాదివి. పేపరు చుట్టి ఎవరికీ చెప్పకుండా మూడు గ్లాసులు పోయండి, రెండింటిలో ఒకే వైను, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో కనిపెట్టమనండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు తగిలే అవకాశం ఉంటుంది కాబట్టి గ్లాసుల వరస మార్చి మూడు నాలుగు సార్లు చేయాలి. గ్లాసులన్నీ ఒకే రకం, పోసే కొలత ఒకటే, ఉష్ణోగ్రతలో ఒకటి రెండు డిగ్రీల కంటే తేడా ఉండకూడదు. చల్లదనం తేడాని వైను తేడా అనుకుని గెలిచేవాళ్లు చాలామంది.

తడిఅట్ట:

అలా చేస్తే సీసాల్లో మిగులుతుంది కదా, దానికో మాట. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన 375 మి.లీ. సీసా ఒకటి దగ్గర పెట్టుకోండి. పెద్ద సీసా తెరవగానే, తాగడం మొదలుపెట్టక ముందే, చిన్నదాంట్లోకి అంచు దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. లోపల గాలి దాదాపు లేదు కాబట్టి వారం దాకా బాగానే ఉంటుంది. సగం ఖాళీ అయిన పెద్ద సీసాకే కార్కు బిగిస్తే పినో రెండో రోజు సాయంత్రానికే వాడిపోతుంది, మూడో రోజుకి కూరలోకే.

కూకట్‌పల్లి_క్యాబ్:

ఆ మిగిలిన కాలిఫోర్నియాని కీమాలో వేసేశాం, బాగానే కుదిరింది. ఆరెగాన్, బర్గండీ రెండూ 2019వి దొరుకుతాయేమో చూస్తున్నాను. చిన్న సీసా కోసం వెనిగర్ సీసా కడిగి వాడొచ్చా?

తడిఅట్ట:

వద్దండీ. వెనిగర్ వాసన, బ్యాక్టీరియా రెండూ మిగులుతాయి. సోడా సీసా తీసుకోండి, తిప్పే మూతది, గాజుది.